ముప్పై సెకన్ల గడువు

మా ఇంట్లో కంప్యూటరు ఆన్ చేస్తే ముందు నల్లటి తెర వచ్చేది. దాని మీద తెల్లటి అక్షరాలతో రెండు వరుసలు. పైన పాత విండోస్, కింద కొత్త విండోస్. అడుగున ఒక అంకె ముప్పై నుంచి ఒక్కొక్కటిగా తగ్గుతూ ఉండేది. అది సున్నాకు చేరేలోపు బాణం గుర్తు మీట నొక్కి ఏది కావాలో చెప్పాలి. చెప్పకపోతే తనంతట తానే పాతదాన్ని తెరిచేది. నా పెళ్లి సంబంధం ఖాయం చేసేటప్పుడు మా నాయిన కూడా ఆలోచించుకోమని రెండు రోజులిచ్చాడు, నువ్వు ముప్పై సెకన్లేనా ఇచ్చేది అని దాన్ని అట్లా అమర్చిన మెకానిక్‌ని అడిగాను. అతను నవ్వాడు. నేను నవ్వడానికి అనలేదు.

జనగామలో రైల్వే స్టేషన్ వెనక గల్లీలో మా ఇల్లు. ముందుగదిలో కిటికీ పక్కన కంప్యూటరు బల్ల. ఇరవై రెండేళ్లుగా నేను తెలుగు టైపింగ్ చేస్తున్నాను. మొదట బస్టాండు దగ్గర ఒక డీటీపీ సెంటర్లో చేసేదాన్ని. అది మూతపడ్డప్పుడు వాళ్ల మెషీన్ నేనే ఇంటికి తెచ్చుకున్నాను. మధ్యలో డబ్బా మారింది, తెర మారింది కానీ లోపలి విండోస్‌ను మాత్రం ముట్టుకోనియ్యలేదు. పెళ్లి కార్డులు, దశదినకర్మ కార్డులు, బడి పరీక్ష పేపర్లు, అన్నిటికీ మించి అర్జీలు. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకుంటారు కాబట్టి ఆదివారం మా అరుగు మీద కూర్చోవడానికి జాగా ఉండదు. కొడకండ్ల నుంచి, జఫర్‌గఢ్ నుంచి బస్సు దిగి నేరుగా మా గల్లీకే వస్తారు.

అర్జీని మా దగ్గర ఎవరూ కొత్తగా రాయించుకోరు. ఇదివరకు ఎవరికి పని జరిగిందో వాళ్ల అర్జీ తియ్యమంటారు. అందులో పేరు, ఊరు, సర్వే నంబరు మార్చి తమది చెయ్యమంటారు. కొందరు డాక్టర్లకు హస్తవాసి ఉన్నట్టే పనైన అర్జీకి కూడా హస్తవాసి ఉంటుందని వాళ్ల నమ్మకం. మీ సంగతి వేరు, కొత్తగా రాస్తే బాగుంటుంది అని మొదట్లో నేను వాదించేదాన్ని. ఒకసారి కొడకండ్ల పెద్దమనిషి నా మొహం మీదే అన్నాడు, నీ తెలివి మాకెందుకమ్మా, పనైన కాయిదం మాకియ్యి అని. అప్పటి నుంచి నోరు మూసుకున్నాను. నా మెషీన్‌లో అట్లాంటి హస్తవాసి ఉన్న అర్జీలు పదో పన్నెండో ఉన్నాయి. అన్నీ పాత విండోస్‌లో, పాత ఫాంటులో ఉన్నవే.

జఫర్‌గఢ్ దిక్కు నుంచి ఒక అవ్వ వచ్చేది. ఆమె భూమి పాసుబుక్కులో వేరే మనిషి పేరు పడింది. నెలకోసారి వచ్చి అదే అర్జీ తీయించుకునేది. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, “తారీఖు మార్చు బిడ్డా, కడమదంత గదే ఉండనీ” అనేది. నేను తారీఖు మార్చి ప్రింటు తీసి ఇచ్చేదాన్ని. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుని పోయేది. ఒకే కాగితం పట్టుకుని అన్ని నెలలు ఎందుకు తిరుగుతుందో అని నాకు విసుగొచ్చేది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, విసుగు దాచుకోవడం అసలే రాదు. ఆమె మాత్రం నా మొహం చూసేది కాదు, ప్రింటరు నుంచి వచ్చే కాగితాన్నే చూసేది.

మా ఆయన భూపాలపల్లిలో ఉంటాడు. బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు బండి నడుపుతాడు. పందొమ్మిదేళ్లుగా శనివారం రాత్రి బస్సు దిగి, సోమవారం తెల్లవారుతూనే బస్సెక్కి పోతాడు. మా సంసారమంతా ఆదివారాలే. ఆ ఆదివారాలేమో అర్జీలకు పోయేవి. ఆయన అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి, ఎవరి వెనక ఎవరో వరుస చూసేవాడు. కిటికీలోంచి ఆయన వీపు కనపడేది. వారమంతా ఎదురుచూసి, ఆ ఒక్కరోజూ వీపు చూస్తూ టైపు చేసుకునే ఖర్మ నాది.

మొదట్లో ఏడాదికోసారి అడిగేవాడు, వచ్చేయరాదా అని. అప్పుడు అత్తమ్మకు బాగుండేది కాదు. తర్వాత బిడ్డ చదువు. ఇప్పుడు అత్తమ్మ లేదు. బిడ్డ హైదరాబాదులో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. అయినా నేను కదల్లేదు. ఇక్కడైతే నన్ను పది ఊళ్లవాళ్లు వెతుక్కుంటూ వస్తారు, అక్కడ ఎవరికి తెలుసు నేను? “నా చేతికి పని ఉంటే వస్త. నీ గదిల గోడలు లెక్కపెట్టుకుంట కూసునుడు నాతోని కాదు” అని ఒకసారి గట్టిగానే అన్నాను. ఆ తర్వాత ఆయన అడగడం మానేశాడు. ఒక మనిషి అడగడం మానేస్తే ఇల్లు ఎంత చప్పబడిపోతుందో అప్పుడు తెలిసింది. అడిగితే కసిరేదాన్ని, అడగకపోతే ఏడుపొచ్చేది.

అట్లాంటిది ఒక శనివారం ఆయన జేబులోంచి పేపరు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. భూపాలపల్లిలో ఒక ఆఫీసుకు తెలుగు టైపింగ్ వచ్చిన ఆపరేటర్లు కావాలట. కాంట్రాక్టు పనే, కానీ పని పనే. పరీక్ష మహబూబాబాద్‌లో. “నీ చేతికి పని ఉండాలంటివి గదా. గిదిగో” అన్నాడు. ఆ మాట అనడానికి ఎన్నాళ్ల నుంచి కాచుకుని ఉన్నాడో. నేను పేపరు ముక్క రెండుసార్లు చదివాను. చివరి వరుసలో ఉంది అసలు సంగతి. పరీక్ష కొత్త విండోస్ మీద, కొత్త తెలుగు కీబోర్డు మీద జరుగుతుంది.

ఆ రెండిటికీ తేడా ఏమిటో టైపు చెయ్యనివాళ్లకు చెప్పడం కష్టం. పాతదాంట్లో అక్షరాన్ని ముక్కలుగా కట్టాలి. తలకట్టుకు ఒక మీట, గుడికి ఒక మీట, కింద వత్తుకు ఇంకొకటి. గోడకు ఇటుకలు పేర్చినట్టు ఉంటుంది. కొత్తదాంట్లో అక్షరం కొట్టి పొల్లు కొట్టి ఇంకో అక్షరం కొడితే వత్తు తనంతట తానే కిందికి పోయి అతుక్కుంటుంది. నేర్చుకునేవాళ్లకు కొత్తదే సులువు. కానీ నా వేళ్లకు ఇరవై రెండేళ్ల అలవాటు. కొత్త కీబోర్డులో ఏ ఒక్క అక్షరమూ పాత చోట లేదు. కొత్తొక వింత, పాతొక రోత అంటారు. నాకు కొత్తే రోత పుట్టింది.

మెకానిక్ వచ్చి డబ్బా విప్పి చూశాడు. “అక్కా, నీ మెషీన్ ముసల్దైంది. విండోస్ పదకొండు దీనికి ఎక్కదు. పది ఎక్కిస్త. పాతది తీసేయాల్నా?” అన్నాడు. తీసేస్తే నా అర్జీలు, కార్డులు అన్నీ పోతాయి. దాచి పెట్టినా కొత్తదాంట్లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. మారుస్తామనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ మార్చాక వరుస వరుసకూ దిద్దుకోవాలి. పని ఆగొద్దు, నేర్చుకోవడమూ ఆగొద్దు అన్నాను. అప్పుడతను రెండూ ఒకే మెషీన్‌లో పెట్టాడు. పని ఆగకూడదు కాబట్టి పాతదాన్ని పైవరుసలో ఉంచాడు. ఆ ముప్పై సెకన్లు అట్లా మా ఇంటికి వచ్చాయి.

పొద్దున ఐదింటికే లేచి రెండు గంటలు కొత్తది నేర్చుకోవాలని అనుకున్నాను. అనుకోవడానికేం, ఎంతైనా అనుకోవచ్చు. మెషీన్ ఆన్ చేసి, అది లేచేలోపు పొయ్యి మీద పాలు పెట్టి రావడానికి పోయేదాన్ని. వచ్చేసరికి ముప్పై సెకన్లు అయిపోయి పాతది తెరుచుకుని కూర్చునేది. ఆపి మళ్లీ మొదలుపెట్టాలంటే ఆ ముసలి మెషీన్‌కు ఆరేడు నిమిషాలు పట్టేది. సరే, తెరుచుకుంది కదా, నిన్నటి రెండు కార్డులు అయిపోగొడదాం అని కూర్చునేదాన్ని. రెండు కార్డులు నాలుగయ్యేవి. కిటికీ దగ్గర ఎవరో వచ్చి నిలబడేవాళ్లు. తెల్లారిపోయేది. కుడితిలో పడ్డ ఎలుక కూడా నా అంత గిలగిలలాడదు.

కొత్తది తెరిచిన రోజుల్లో ఇంకో నరకం. చెయ్యి పోయేది ఒకచోటికి, రావాల్సింది ఇంకోటి. నా పేరు నేను టైపు చేసుకోవడానికి మూడుసార్లు చెరిపాను. ఇరవై రెండేళ్లు నా వేళ్లను చూసుకునే అవసరం నాకు రాలేదు. ఇప్పుడు ఒకటో తరగతి పిల్లలాగా వంగి మీటలు వెతకాలి. మీటల మీద కాగితం ముక్కలు అంటించాను. పాతది తెరిచినప్పుడు అవే అడ్డం. పీకేశాను. మళ్లీ అంటించాను. నెలన్నర పోయాక పాతదాంట్లో కూడా తప్పులు రావడం మొదలైంది. ఒక పెళ్లికార్డులో ముహూర్తం వరుస మొత్తం మళ్లీ కొట్టాల్సి వచ్చింది. రెంటికీ చెడ్డ రేవడినైపోతానని భయం పట్టుకుంది. ఆ కుర్చీలో కూర్చుంటే ఎవరో బయట గొళ్లెం పెట్టి పోయినట్టు ఊపిరాడేది కాదు. కంప్యూటరు మీద అరిచేదాన్ని. అది వినదు కాబట్టి వచ్చినవాళ్ల మీద అరిచేదాన్ని.

అయినా మానలేదు. పాలు తర్వాత పెట్టుకోవడం మొదలుపెట్టాను. నల్లతెర ముందు నిలబడి, వేలు బాణం మీట మీదే పెట్టుకుని, తెర రాగానే కిందికి నొక్కేదాన్ని. పరీక్షకు నిమిషానికి ముప్పై మాటలు కావాలి. మూడో నెలకు కొత్తదాంట్లో నా వేగం ఇరవై ఐదుకు వచ్చింది. మంచిరోజైతే ఇరవై ఎనిమిది. పాతదాంట్లో నలభై ఐదు నాకు నిద్రలో కూడా వస్తుంది.

పరీక్షకు ముందటి ఆదివారం అర్జీలవాళ్లు పోయాక ఆయన బల్ల దగ్గరికి వచ్చాడు. బల్ల అంచు మీద జాన పెట్టి కొలవడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు అని పెదాలు కదుపుతూ ఐదు జానలని తేల్చాడు. వెడల్పు మూడు. ఎందుకని అడిగితే, భూపాలపల్లిలో ఇంకో ఇద్దరితో కలిసి ఉండే గది వదిలేసి వేరే గది చూశానని, దానికి వీధివైపు కిటికీ ఉందని చెప్పాడు. “కిటికీ కింద బల్ల పడ్తదా లేదా సూద్దామని” అన్నాడు. ఇంకా పరీక్షే కాలేదు, నీకు తొందర ఎక్కువ అని తిట్టాను. ఆయన నవ్వుకుంటూ అరుగు మీదికి పోయాడు. ఆ నవ్వు నేను చాలా ఏళ్లకు చూశాను.

పరీక్షరోజు పొద్దున రైలెక్కి మహబూబాబాద్‌లో దిగాను. ఆయన సెలవు పెట్టి అటునుంచి వచ్చి స్టేషన్ బయట నిలబడి ఉన్నాడు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు, పరీక్ష తనకే అన్నట్టు. దారి పొడుగునా కొత్త గది సంగతులే చెప్పాడు. కిటికీ పక్కన ప్లగ్ పాయింటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించాడట. ఇంటాయన గోడ పగలగొట్టొద్దన్నాడట, బతిమాలి ఒప్పించాడట. నాకు ఒక చెవిలో ఆయన మాటలు, ఇంకో చెవిలో పొల్లు కొట్టి అక్షరం, పొల్లు కొట్టి అక్షరం. ఆయన గేటు దగ్గర ఆగిపోయాడు. నేను లోపలికి పోయాను.

ఒక కాలేజీలో కంప్యూటర్ల గది అది. ముప్పై మంది దాకా ఉన్నాం. సగం మంది నా వయసువాళ్లే, నాలాంటి డీటీపీ సెంటర్ల నుంచి వచ్చినవాళ్లే. నేను పోయేసరికే అక్కడ గొడవ నడుస్తోంది. ఇన్నేళ్లు పాతదాంట్లో పనిచేసినవాళ్లను ఉన్నట్టుండి కొత్తదాంట్లో కొట్టమంటే ఎట్ల అని వాళ్లు అడిగారట. పరీక్ష పెట్టేవాళ్లు ఎవరికో ఫోన్లు చేశారు. చివరికి ఒప్పుకున్నారు. ఎవరికి ఏది వస్తే దాంట్లోనే రాయొచ్చు, పనిలో చేరాక కొత్తది నేర్పిస్తాం అని చెప్పారు. అందరూ హమ్మయ్య అన్నారు.  నాకు మాత్రం నా మూడు నెలలు గుర్తొచ్చాయి. అయినా లోపల ఎక్కడో ఒక బరువు దిగింది. పాతదైతే ఈ పని నాదే, ఆ కిటికీ నాదే అనుకున్నాను.

ఒక్కో వరుసకు కంప్యూటర్లు ఆన్ చేయించారు. ఆ కాలేజీ మెషీన్లలో కూడా రెండూ ఉన్నాయి. అదే నల్లతెర, అవే రెండు వరుసలు. పైన పాతది, కింద కొత్తది. అంకె ముప్పై నుంచి తగ్గడం మొదలైంది. మెడలో కార్డు వేసుకున్న ఒక కుర్ర ఆఫీసరు వరుసగా అందరి దగ్గరికీ వచ్చి ఏది కావాలో అడిగి కాగితం మీద టిక్కు పెట్టుకుంటున్నాడు. నా పక్కనున్న అమ్మాయిని మీకేది కావాలి మేడమ్ అని అడిగాడు. నా దగ్గరికి వచ్చి అడగను కూడా అడగలేదు.

“పెద్దమ్మా, నువ్వు ఊకె కూసో. దానంతటదే పాతది వస్తది. కొత్తది నీతోని కాదు” అన్నాడు.

కసిరి అనలేదు. ఎగతాళి కూడా చెయ్యలేదు. మంచిగానే అన్నాడు, ముసలివాళ్లను రోడ్డు దాటించేటప్పుడు అన్నట్టు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు నెలలు పాలు పొంగించుకుని, కాగితం ముక్కలు అంటించుకుని, నా పేరు నేను చెరుపుకుని నేర్చుకున్నది ఈ పోరడు నీతోని కాదంటాడా? అంకె పన్నెండు మీద ఉంది. ఊరికే కూర్చుంటే చాలు. ఇంట్లో అన్ని రోజులు నేను కూర్చోకపోతేనే పాతది వచ్చింది, ఇక్కడ కూర్చుంటే వస్తుంది. పదకొండు. పది. నా వేలు బాణం మీట మీదికి పోయింది. కిందికి నొక్కాను. “కొత్తదే రాస్త” అన్నాను. అతను ఆలోచించుకోమన్నాడు. ఆలోచించుకున్న అని ఎంటర్ నొక్కాను.

పది నిమిషాల పరీక్ష. మొదటి నాలుగు నిమిషాలు బాగానే పోయింది. కోపం మీద వేళ్లు పరుగెత్తాయి. కోపం దిగాక మీటలు వెతకడం మొదలైంది. ఒక వరుసలో పాత అలవాటు దూరింది, తెర మీద ఏవో అర్థం లేని అక్షరాలు పడ్డాయి. వాటిని చెరిపి మళ్లీ కొట్టేసరికి గంట కొట్టారు. చుట్టూ నా వయసువాళ్లు పాతదాంట్లో టకటకమని కొట్టిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. గంటసేపటికి తలుపు మీద కాగితం అంటించారు. నాకు ఇరవై ఆరు. నాలుగు మాటలు తక్కువ. నలభై ఐదు వచ్చే చేతులు పెట్టుకుని ఇరవై ఆరు తెచ్చుకున్నాను.

ఆయన గేటు బయట టీ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే చేతిలో గ్లాసు పెట్టేసి వచ్చాడు.

“ఏమాయె?”

“పోయింది. నాలుగు మాటలు తక్కువైనయి.”

“కొత్తదే పెట్టిన్రా? పాతది ఇయ్యలేదా?”

చెప్పాలనే నోరు తెరిచాను. ఇచ్చారు, నేనే వద్దన్నాను, ఒక పోరడు పెద్దమ్మా అన్నందుకు నీ కిటికీని, నీ ప్లగ్ పాయింటును కాలదన్నుకున్నాను అని చెప్పాలి. ఆయన మొహం చూశాను. పందొమ్మిదేళ్లు ఎదురుచూసిన మొహం అది. “ఇయ్యలేదు” అన్నాను.

 ఆయన నా సంచి తన చేతిలోకి తీసుకున్నాడు. “గదే మరి. పాతదైతే నువ్వు కండ్లు మూసుకోని కొట్టేదానివి. పరేషాన్ కాకు” అన్నాడు. స్టేషన్ దాకా నడిచాం. ప్లగ్ పాయింటు ఏం చేస్తావని నేనే అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలని. “ఉండనీ, ఫోన్ చార్జింగుకు పనికొస్తది” అన్నాడు. నా రైలు వచ్చింది. ఊరికే వచ్చేయ్, పని లేకపోతే మానె అని ఒక్కమాట అంటాడేమోనని తలుపు దగ్గరే నిలబడ్డాను. అంటే పోయేదాన్ని, నిజంగా పోయేదాన్ని. అనలేదు. అనొద్దని నేనే కదా నేర్పించింది.

ఆ శనివారం మామూలుగానే వచ్చాడు. ఆదివారం పొద్దున్నుంచి అరుగు మీద కూర్చుని నీళ్లిచ్చాడు, వరుస చూశాడు. వచ్చినవాళ్లందరికీ చెబుతూనే ఉన్నాడు, మా ఇంటామెకు అన్యాయం చేసిన్రు, పాతది అడిగితే ఇయ్యలేదు అని. వాళ్లందరూ అయ్యో అన్నారు. జఫర్‌గఢ్ అవ్వ కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, నీ కష్టం ఊకె పోదు బిడ్డా అంది. ఆమె చేతిలోంచి నా చెయ్యి లాక్కోలేక చచ్చిపోయాను.

మధ్యాహ్నం అందరూ పోయాక నేను మెషీన్ ఆపాను. ఆయన లోపలికి వచ్చి, ఎన్నడూ కూర్చోనిది, అర్జీలవాళ్లు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు.

“నాకొక అర్జీ కొట్టు” అన్నాడు.

దేనికని అడిగాను. “రేపు సోమవారం గదా. భూపాలపల్లి కలెక్టరేట్‌ల ఇస్త. నా భార్యకు పాతదాంట్ల రాసేటందుకు మోకా ఇయ్యలేదు, మల్ల పరీక్ష పెట్టున్రి అని రాయి. పనైన అర్జీ ఉంటది గదా, గది తీసి అండ్ల నా పేరు పెట్టు.” ఇంతకాలం అందరి అర్జీలకూ నీళ్లిచ్చిన మనిషి ఆయన. తనకంటూ ఒక్కనాడు ఏదీ అడగనివాడు. వద్దు, వాటితో ఏం కాదు అన్నాను. కాకపోతే కాకపాయె, కొట్టు అన్నాడు. మెషీన్ ఆన్ చేశాను.

నల్లతెర వచ్చింది. ముప్పై. చెప్పేద్దామనుకున్నాను. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తెర వైపు చూస్తున్నాడు. ఇరవై. ఇప్పుడు చెబితే ఆయన ఆ అరుగు మీద మళ్లీ ఎట్లా కూర్చుంటాడు? పొద్దున్నుంచి అందరికీ చెప్పాడు కదా. చెప్పకపోతే రేపు ఎండలో వరుసలో నిలబడతాడు. అడకత్తెరలో పోకచెక్కలాగా నేను మధ్యలో ఉన్నాను. పది.  ఐదు. సున్నా అయింది. పాతది తనంతట తానే తెరుచుకుంది.

హస్తవాసి ఉన్న అర్జీ ఒకటి తీశాను. పేరు మార్చాను, ఊరు మార్చాను. నా భార్య ఇరవై రెండేళ్ల అనుభవం కలిగినదైనప్పటికీ, ఆమెకు అలవాటైన పాత పద్ధతిలో పరీక్ష రాసే అవకాశం ఇవ్వలేదు అని కొట్టాను. వేళ్లు మీటల మీద పరుగెత్తాయి. ఒక్క తప్పు రాలేదు. అంత వేగంగా నేను జన్మలో ఎప్పుడూ కొట్టి ఉండను. ఆయన ప్రింటు తీసుకుని ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివి, మంచిగ రాసినవ్ అన్నాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆ అర్జీకి ఏ జవాబూ రాలేదు. జరగని తప్పుకు జవాబెక్కడి నుంచి వస్తుంది? ఈ మధ్య మెకానిక్ వచ్చి, నేను అంత ఏడ్చి నేర్చుకున్న కొత్త విండోస్‌కు కూడా కాలం చెల్లిందని చెప్పాడు. ఇంక దాన్నెవరూ పట్టించుకోరట. రెండిట్లో ఏది ఉంచాలక్కా అని అడిగాడు. నేను ఏదో ఒకటి చెప్పేలోపు అరుగు మీద నుంచి మా ఆయనే చెప్పాడు, పాతది ముట్టుకోకు తమ్మీ, గండ్ల నా అర్జీ ఉన్నది అని.

ఇప్పుడు నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం, అందరూ పోయాక, ఆ స్టూలు మీద కూర్చుంటాడు. నేను మెషీన్ ఆన్ చేస్తాను. ముప్పై సెకన్లూ ఇద్దరం మాట్లాడుకోము.

“తారీఖు మార్చు” అంటాడు. “కడమదంత గదే ఉండనీ.”

నేను తారీఖు మారుస్తాను.